వదిన రిపోర్టులో రెండు పాయింట్ రెండు

మా గల్లీలో ఎవరు రక్తపరీక్ష చేయించుకున్నా ఆ కాగితం డాక్టరు కంటే ముందు నా దగ్గరికి వచ్చేది. అబిడ్స్ పెద్ద రోడ్డు మీది బట్టల దుకాణాల వెనక నుంచి నాంపల్లి స్టేషన్ వైపు తిరిగే సందు మాది. నేను సర్కారు బడిలో లెక్కల టీచర్ని. ఇంగ్లీషు వచ్చు, అంకెలు వచ్చు, ఇంకేం కావాలని వాళ్ళ నమ్మకం. సాయంత్రం బడి నుంచి వచ్చి చాయ్ గొంతులో పోసుకునే లోపే ఎవరో ఒకరు రిపోర్టు పట్టుకుని మా మెట్ల మీద కూర్చుని ఉండేవారు. నేను ఎర్ర పెన్ను తీసేదాన్ని. పక్కన అచ్చు వేసిన హద్దు ఎంతో చూసి, వచ్చిన అంకెలోంచి దాన్ని తీసేసి, తేడాను అంచున రాసేదాన్ని. తేడా పెద్దదైతే ఏమీ అనకుండా కళ్ళజోడు మీదుగా వాళ్ళ మొహంలోకి చూసేదాన్ని. ఆ చూపుకే సగం మందికి చెమటలు పట్టేవి. అబద్ధమెందుకు, నాకది బాగుండేది.

అట్లా కొన్ని వందల కాగితాలు చదివి ఉంటాను. చాలామంది నా మాట విని, తీపి మానో నూనె మానో, ఆ తర్వాత ఎప్పటికో డాక్టరు దగ్గరికి పోయి బతికిపోయారు. ఒక్క కాగితం దగ్గర మాత్రం అట్లా జరగలేదు. అది మా వదినది.

వదిన అంటే మా ఆయనకు అక్క. పెళ్ళయిన ఆరేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. ఈ ఇల్లు వాళ్ళ నాన్న కట్టించింది, సగం ఆమె పేరు మీదే ఉంది, ఆ సంగతి నేను మరిచిపోకుండా ఆమె చూసుకునేది. ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని పెళ్ళి జాకెట్లు కుట్టేది. పనిలో వంక పెట్టలేను. కొలత తీసుకోకుండా మనిషిని ఒకసారి పైకీ కిందికీ చూసి కుట్టినా ముడత రానిచ్చేది కాదు. నోటి దగ్గరికి వచ్చేసరికే ఇబ్బంది. ఎదుటి మనిషికి ఎక్కడ నొప్పో కనిపెట్టి సరిగ్గా అక్కడే గుచ్చేది. నాదీ చిన్న నోరేం కాదు. మా ఆయనది లక్డీకాపూల్‌లో గుమాస్తా ఉద్యోగం. పగలంతా పైఅధికారి అరుపులు, ఇంటికొస్తే మా ఇద్దరి అరుపులు. పాపం టీవీ శబ్దం పెంచుకుని కూర్చునేవాడు.

మా అమ్మకు కడుపు ఆపరేషన్ అయ్యాక ఒక పదిహేను రోజులు నా దగ్గర ఉంచుకుందామని తీసుకొచ్చాను. వెనక గదిలో మంచం వేశాను. అమ్మ మెల్లగా గోడ పట్టుకుని ముందు గది మీదుగానే బాత్రూముకు పోవాలి. మూడో రోజు పొద్దున పెళ్ళివారు జాకెట్ బట్టలు తెచ్చిన సమయానికే అమ్మ అటు నడిచింది. వాళ్ళు వెళ్ళిన మరుక్షణం వదిన వంటింటి గుమ్మంలో నిలబడింది.

"పెండ్లి బట్టలొచ్చే ఇల్లు గిది. రోగంతోని ఉన్న మనిషి మొఖం చూసుకుంట ఎవరన్న శుభమాని బట్ట ఇస్తరా? జర మీ తమ్ముని ఇంట్ల దింపి రా."

గొంతు తగ్గించలేదు. అమ్మ విన్నది. నేను గదిలోకి వెళ్ళేసరికి చీర మార్చుకుని, సంచి సర్దుకుని మంచం అంచున కూర్చుని ఉంది. కోఠిలో తమ్ముడి ఇంటికి ఆటోలో తీసుకెళ్ళాను. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా రెండు చేతులతో కడుపు పట్టుకుంది గానీ నోరెత్తలేదు. అక్కడికి వెళ్ళిన పన్నెండో రోజున అమ్మ పోయింది. లోపల చీము పట్టిందన్నారు. మా ఇంట్లో ఉన్నా పట్టేదేమో, ఆ మాత్రం నాకు తెలుసు. తెలిసినా వదినను క్షమించలేదు. క్షమించే ప్రయత్నం కూడా చేయలేదు.

ఇక ఆమె బీపీ సంగతి. అది ఉందని పదేళ్ళ కిందటే ఒక డాక్టరు చెప్పి రోజుకో గోలీ రాశాడు. వదిన దాన్ని తలనొప్పి గోలీ లాగానే చూసేది. తల పగిలిపోతుంటే వేసుకునేది, తగ్గిందంటే డబ్బాలో పెట్టేసేది. మా గల్లీలో చాలామంది లెక్క అదే. బీపీ తలలో ఉంటుంది, తల నొయ్యలేదంటే బీపీ లేదు. ఎప్పుడన్నా తూలినట్టయితే మెడికల్ షాపాయన దగ్గర చెయ్యి చాపి చూపించుకుని వచ్చేది. నూట అరవై అన్నాడని ఒకసారి మా ఆయన కంగారు పడ్డాడు. ఉండాల్సింది నూట నలభై లోపు కదా, ఇరవయ్యేగా ఎక్కువ, దానికి ఇంత గోల ఎందుకని నేనే కసిరాను. కింది అంకె ఎంతో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

తర్వాత ఒక ఎండాకాలం ఆమెకు పాదాలు వాయడం మొదలైంది. సాయంత్రానికి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగేవి. మిషను తొక్కీ తొక్కీ వాస్తున్నాయని ఆమె అనుకుంది. అబిడ్స్‌లో ఒక పరీక్షల సెంటరు వాళ్ళు ఆడవాళ్ళకని ఏదో తగ్గింపు ప్యాకేజీ పెడితే, జాకెట్లు కుట్టించుకునే వాళ్ళెవరో ఈమెనూ వెంటబెట్టుకుపోయి రక్తం ఇప్పించారు. డాక్టరు రాసిన పరీక్ష కాదు గనక చూపించాల్సిన డాక్టరంటూ లేడు. కాగితం ఇంటికొచ్చింది. రెండు రోజులు దాన్ని మిషను మీదే పెట్టుకుని కూర్చుంది. గల్లీ అంతా నా దగ్గర చదివించుకుంటుంటే, ఇంట్లో ఉండి నన్ను అడగడం ఆమెకు నామోషీ. మూడో రోజు నేను నోట్సులు దిద్దుకుంటుంటే వచ్చి నా ముందు పడేసింది.

"ఏముందో చూడు లెక్కల పంతులమ్మా. నీకే కదా గివన్నీ ఎరుక."

నాలుగు పేజీలు. నేను తీరిగ్గా కూర్చున్నాను. అప్పటి నా మనసు ఎట్లా ఉందో ఇప్పుడు దాచి లాభం లేదు. ఆమెను ఏడిపించడానికి అందులో ఏదో ఒకటి దొరకాలని వెతికాను. కొవ్వు రెండు వందల ముప్పై ఎనిమిది, హద్దు రెండు వందలు. తేడా ముప్పై ఎనిమిది. ఎర్ర సిరాతో రాసి చుట్టూ సున్నా చుట్టాను. దొరికిందిలే అనుకున్నాను. రక్తం హద్దు కంటే రెండున్నర తక్కువుంది. అది ఆడవాళ్ళందరికీ ఉండేదే. మూడో పేజీలో క్రియాటినిన్ అని ఒకటి. హద్దు ఒకటి పాయింట్ ఒకటి, వచ్చింది రెండు పాయింట్ రెండు. దాని పక్కన ల్యాబు వాళ్ళు లావుగా అచ్చు వేశారు కూడా. నేను తీసివేశాను. ఒకటి పాయింట్ ఒకటి. ముప్పై ఎనిమిది ముందు ఒకటి ఏపాటి? దానికి సున్నా కూడా చుట్టకుండా పేజీ తిప్పేశాను.

"కొవ్వు మస్తు పెరిగింది వదినా," అన్నాను. "నెయ్యి, మటన్ మానేయాలె. మిగతావన్నీ అటూ ఇటూ ఒకటి రెండు, ఏం ఫికర్ లేదు."

ఆమె మొహం వాడిపోయింది. నెయ్యి లేనిదే ఆమెకు ముద్ద దిగదు. ఆ రాత్రి నాకు బాగా నిద్ర పట్టింది.

ఆ మర్నాటి నుంచి నా రాజ్యం నడిచింది. నెయ్యి డబ్బా నా బీరువాలోకి చేరింది. ఆదివారం మటన్ వండి మా ఇద్దరికీ వడ్డించి, ఆమెకు పప్పు పోసేదాన్ని. కొవ్వు కదా వదినా అనేదాన్ని ప్రతిసారీ, గల్లీ వాళ్ళెవరైనా ఉంటే ఇంకొంచెం గట్టిగా. ఆమె నోరు మూసుకుని తినేది, కాగితంలో ఉన్న మాట కదా. చప్పిడి కూడు దిగక ఊరగాయ అడిగింది. దానికి నేనేం అడ్డు చెప్పలేదు. ఊరగాయలో కొవ్వు లేదు. కోఠిలో కొని సీసాలకు సీసాలు తెచ్చి పెట్టాను. ముద్దముద్దకూ ఉప్పటి కారం నంజుకుని, పైన అప్పడాలు కొరుక్కుని తినేది. మోకాళ్ళ నొప్పులకు మెడికల్ షాపు నుంచి నొప్పి గోలీలు తెప్పించుకునేది. నేనే బడి నుంచి వచ్చేటప్పుడు పట్టీలకు పట్టీలు తెచ్చిచ్చిన రోజులున్నాయి. బీపీ గోలీ మాత్రం తలనొప్పి లేనందుకు అట్లాగే డబ్బాలో పడి ఉండేది.

మూడేళ్ళు ఇట్లా గడిచాయి. మూడో ఏడు ఆమె తీరే మారిపోయింది. పొద్దున లేస్తే వాంతి. ఒళ్ళంతా దురద, గోళ్ళతో గీరుకుంటే గీతలు పడేవి. మిషను మీదే తల వాల్చి నిద్రపోయేది. ఒక పెళ్ళికూతురి జాకెట్టుకు ఎడమ చెయ్యి బిగుతుగా, కుడి చెయ్యి వదులుగా కుట్టి ఇచ్చింది. జీవితంలో మొదటిసారి ఆమె కుట్టిన బట్ట వెనక్కి వచ్చింది. నేను నవ్వాను. కొవ్వు కళ్ళకెక్కింది వదినా అన్నాను. ఆ తర్వాత ఒక పొద్దున ఆమె లేవలేకపోయింది. కళ్ళు తెరవడానికి రానంతగా మొహం ఉబ్బింది, ఊపిరి గురక లాగా వస్తోంది. మా ఆయన మొదటిసారి నా మీద అరిచాడు. ముగ్గురం ఆటోలో బషీర్‌బాగ్‌లో కిడ్నీ డాక్టరు దగ్గరికి వెళ్ళాం.

బీపీ రెండు వందలు దాటింది. అక్కడే రక్తం తీసి పరీక్ష చేశారు. క్రియాటినిన్ తొమ్మిది దాటింది. పాత రిపోర్టులేమైనా ఉన్నాయా అని డాక్టరు అడిగాడు. వదిన రొప్పుతూనే సంచిలోంచి జాకెట్ కొలతలు రాసుకునే పుస్తకం తీసింది. అందులో మడత పెట్టి దాచుకుంది ఆ కాగితాన్ని. నా ఎర్ర గీతలతో సహా.

డాక్టరు మూడో పేజీ దగ్గర చాలాసేపు ఆగాడు.

"అప్పటికే రెట్టింపు ఉందమ్మా ఇది. ఇది రెట్టింపు అయిందంటే కిడ్నీలు సగం కంటే ఎక్కువ పోయినట్టు. బీపీ నొప్పి పెట్టదు, చప్పుడు చేయదు, లోపల తినేస్తూ పోతుంది. అప్పుడే వచ్చి ఉంటే బీపీ అదుపులో పెట్టి, ఉప్పు, నొప్పి గోలీలు మాన్పించేవాణ్ణి. చాలా ఏళ్ళు ఈ పరిస్థితి రాకపోయేది." కాగితం మా వైపు తిప్పాడు. "ఈ తీసివేతలు ఎవరు చేశారు?"

నేను ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాను. రెట్టింపు అన్న ముక్క చెవిన పడగానే నాకంతా అర్థమైంది. ఏడో తరగతికి నిష్పత్తి పాఠం చెప్పేది నేనే. రెండడుగుల మొక్క ఒక అడుగు పెరగడం, ఇరవై అడుగుల చెట్టు ఒక అడుగు పెరగడం ఒకటి కాదని ఇరవై ఆరేళ్ళుగా ఏటేటా బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నాను. భాగించాల్సిన చోట తీసివేసిన పిల్లల అరచేతుల మీద స్కేలుతో కొట్టాను.

నేను నోరు తెరిచే లోపే వదిన అన్నది: "ల్యాబోళ్ళే రాసి ఇచ్చిన్రు సారూ."

నా వైపు చూడలేదు. గోడ మీది బొమ్మ వైపు చూస్తూ అన్నది. ఇంటి సంగతి పరాయివాళ్ళ ముందు పెట్టే మనిషి కాదు. నన్ను కాపాడడానికి అన్నదని అనుకోవడానికి మాత్రం నాకు ధైర్యం చాలలేదు. ఇంటికొచ్చాక నాలుగు నెలలు ఆ ఊసే ఎత్తలేదు. తిట్టినా బాగుండేది. ఆమె నోటికి ముప్పై ఏళ్ళుగా అలవాటు పడ్డదాన్ని, ఆ మౌనానికే నేను బెదిరిపోయాను.

డయాలసిస్ వారానికి రెండుసార్లు. మధ్యాహ్నం బడి నుంచి సెలవు పెట్టి నేనే తీసుకెళ్ళేదాన్ని. ఎడమ చేతికి సూదుల కోసం నరం కలిపి కుట్టారు, ఆ చేతి మీద బరువు పెట్టకూడదన్నారు. మిషను మూలకు జరిగింది. అయినా పొద్దున్నే ముందు గదిలో కుర్చీ వేసుకుని కూర్చునేది, పాత అలవాటు. ఒక రోజు ఎప్పటి నుంచో వచ్చే ఒకావిడ కూతురి పెళ్ళి బట్టలు పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. నల్లబడిన ఆ మొహం, ఉబ్బిన కళ్ళు, చేతికి కట్టు చూసింది. మళ్ళొస్తానమ్మా, ఇప్పుడు పనుంది అని సంచిని చీర కొంగు కింద దాచుకుని వెళ్ళిపోయింది. ఆమె వెనుదిరగడం నేను వంటింటి గుమ్మంలోంచి చూశాను. నేను చూడడం వదిన చూసింది. నాకు అప్పుడు జాలి కలిగిందని రాసుకుంటే బాగుంటుంది. జాలి కలగలేదు. మా అమ్మ మంచం అంచున కూర్చున్న తీరు కళ్ళ ముందుకు వచ్చింది, తగిన శాస్తి జరిగిందనిపించింది. అట్లా అనిపించినందుకు ఆ రోజంతా అన్నం ముట్టలేదు. రెండూ నిజమే.

నాలుగు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం డయాలసిస్ హాలు బయట బెంచీ మీద మా వంతు కోసం కూర్చున్నాం. ముందున్న మనిషికి సమయం పడుతుందన్నారు. వదిన చెప్పులు విడిచి కాళ్ళు పైకి పెట్టుకుంది. మామూలు మాట అడిగినట్టే అడిగింది.

"నాకొక్క మాట చెప్పు. గా కాగితంల రోగమున్నదని నీకు అప్పుడే ఎర్కనా?"

నేను వంగి ఆమె విడిచిన చెప్పులు జతగా సర్దాను.

"మీ అమ్మ గురించేనా?"

అప్పటికి గానీ నాకు తెలియలేదు, ఆమె ఇన్నాళ్ళూ ఏమనుకుంటోందో. కాగితంలో ఉన్నది చూసి కూడా పగతో దాచిపెట్టానని అనుకుంటోంది. అట్లా అనుకుంటూనే నాలుగు నెలలు నా చేతి అన్నం తిన్నది, నా భుజం పట్టుకుని ఆటో ఎక్కింది. ఇట్లాంటి ప్రశ్నకు ఎవరైనా ఏం చేస్తారు? కాదు వదినా, అంత పాపం చేయను, లెక్క తప్పు చేశానని కాళ్ళు పట్టుకుంటారు. నా నోటి దాకా వచ్చింది కూడా. భాగించాల్సింది పోయి తీసివేశాను అని చెప్పాలి. లెక్కల పంతులమ్మా అని ముప్పై ఏళ్ళు నన్ను ఎగతాళి చేసిన మనిషికి, ఏడో తరగతి పిల్లలు చేసే లెక్క నాకు రాలేదని చెప్పాలి. ఆమె నవ్వితే? గల్లీలో చెబితే? ఆ బెంచీ మీద కూర్చుని నేను రెండింటినీ తూచుకున్నాను. తెలివితక్కువదాన్ని అనిపించుకోవడం కంటే పగబట్టినదాన్ని అనిపించుకోవడమే నయమనిపించింది. తల దించుకున్నాను. ఔనని ఆమె అనుకోవాలనే దించుకున్నాను.

వదిన కాళ్ళు కిందికి దించి చెప్పులు తొడుక్కుంది. తర్వాత అన్నది:

"పానం బాగలేని ముసలామెను ఎల్లగొట్టిన. నాకు గిట్ల కావాల్సిందే. ఇగ నీ మీద నాకేం కోపం లేదు."

లోపలి నుంచి పిలిచారు. నా భుజం పట్టుకుని లేచింది.

ఆ రోజు నుంచి ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. పల్లెంలో ఏది పెడితే అది తినేది. మా ఆయనతో చెప్పి మా అమ్మ ఫోటో పెద్దది చేయించింది. ముందు గదిలో మిషను పైన, తన మొగుడి ఫోటో పక్కన మేకు కొట్టించింది. దానికి రోజూ తనే పూలు పెట్టేది, కుడి చేత్తో, కుర్చీ మీద ఆనుకుని నిలబడి. చెయ్యి లేవని రోజున నన్ను పెట్టమనేది. పూలు పెట్టాక దణ్ణం పెట్టుకుని ఏదో గొణిగేది. మొదట్లో నాకు వినపడేది కాదు. తర్వాత తర్వాత చెవులు సరిగ్గా పనిచేయక గట్టిగానే అనేది, వంటింట్లోకి వినపడేది. అమ్మా, నీ ఉసురు తగిలింది, తప్పయింది, ఇగ నన్ను విడిచిపెట్టు తల్లీ అని. అప్పుడు పొయ్యి కట్టేసి ముందు గదిలోకి నాలుగు అడుగులు వేస్తే సరిపోయేది. మా అమ్మ ఉసురూ లేదు, నా పగా లేదు, నేను లెక్క తప్పాను అంటే, ఆ మొక్కు నుంచి ఆమెను విడిపించి ఉండేదాన్ని. రెండుసార్లు పొయ్యి కట్టేశాను కూడా. గడప దాటలేదు.

వానాకాలంలో పోయింది. చివరి నాలుగు రోజులు మనుషులను గుర్తుపట్టలేదు గానీ, ఆ ఫోటో ఉన్న వైపుకి తల తిప్పి చేతులు జోడించేది. సొంత తల్లికి కూడా ఎవరూ ఇంత సేవ చేయరని గల్లీ వాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చారు. నేను కాదనలేదు.